బిలియర్డ్ బాల్స్ మ్యాజిక్: నేర్చుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

బిలియర్డ్ బాల్ మానిప్యులేషన్ (చేతి నేర్పుతో బాల్స్‌ని మాయం చేయడం, ఒకదాన్ని నాలుగు చేయడం లాంటి మ్యాజిక్) మీద వచ్చే డౌట్లు ఎప్పుడూ దాదాపు ఇవే. ఏ సైజు కొనాలి, పామ్ (బాల్‌ని అరచేతిలో కనబడకుండా దాచి పట్టుకోవడం) ఎందుకు నిలవట్లేదు, షెల్ (బాల్ మీద కూర్చునే సగం చిప్ప) ఎందుకు దొరికిపోతోంది, ఫంక్షన్ హాల్లో చేయొచ్చా చేయకూడదా. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టా. మీరు ఎక్కడ ఆగిపోయారో నేరుగా ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు. అంతా కుడిచేతి వాటం అనుకుని రాశా, ఎడమచేతి వాళ్ళు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

## కొనేముందు

అసలు ఇదేంటి, ఒక బాల్ నాలుగు అవడమేనా?

అది అందరికీ బాగా తెలిసిన భాగం. చేతిలో ఒక బాల్ ఉంటుంది, చూస్తుండగానే వేళ్ళ సందుల్లో రెండు, మూడు, నాలుగు అవుతాయి. దాంతోపాటు బాల్ మాయం చేయడం, మోచేతి వెనకనుంచో మోకాలి దగ్గరనుంచో తీయడం, రంగు మార్చడం, వేళ్ళమీద దొర్లించడం, ఇవన్నీ కలిపితేనే మానిప్యులేషన్ యాక్ట్. 19వ శతాబ్దం చివర్లో యూరప్ స్టేజీల మీద ఇది బాగా పాకింది, నాలుగు బాల్స్ ట్రిక్ విషయంలో ఎక్కువగా వినిపించే పేరు ఫ్రెంచ్ మెజీషియన్ బ్యూతియే ద కోల్తాది. అప్పట్లో బిలియర్డ్స్ పెద్దింటి సరదా కాబట్టి సూటూ బూటూ వేసుకున్న మనిషి చేతిలో ఆ బాల్ ఉంటే ఎవరికీ వింత అనిపించేది కాదు. మన ఆడియన్స్‌కి అది బిలియర్డ్ బాల్ అని తట్టకపోవచ్చు, వాళ్ళకది ఎర్ర బాల్, అంతే, దానివల్ల ట్రిక్‌కి వచ్చే నష్టమేం లేదు.

ఇంటి దగ్గర క్లబ్‌లో పాత స్నూకర్ బాల్స్ ఇస్తామంటున్నారు, వాటితో ప్రాక్టీస్ చేయొచ్చా?

వద్దు. స్నూకర్ బాల్ 52.5 మి.మీ. ఉంటుంది, బరువు 140 గ్రాముల దగ్గర. పూల్ బాల్ ఇంకా పెద్దది, 57 మి.మీ. పైన. చాలామందికి వేళ్ళ మధ్య నాలుగు పట్టవు, పామ్‌లో పెడితే ఆ బరువుకి చెయ్యే కిందికి వేలాడుతుంది, జారి పడితే మీ కాలివేలో ఫ్లోర్ టైలో ఏదో ఒకటి పోతుంది.

ఏ సైజు తీసుకోవాలి? నా చేతులు చిన్నవి అన్నా

చేతులు చిన్నవని వదిలేసినవాళ్ళు చాలామందే ఉన్నారు, తీరా చూస్తే వాళ్ళు కొన్నది పెద్ద సైజు బాల్స్. పెద్దవాళ్ళలో చాలామందికి 43 నుంచి 45 మి.మీ. సరిపోతుంది, చిన్న చేతులకి 38 నుంచి 40, పెద్ద చేతులకి 48 నుంచి 50 దాకా. డబ్బులు పెట్టకముందే తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది, టేబుల్ టెన్నిస్ బాల్ సరిగ్గా 40 మి.మీ., గోల్ఫ్ బాల్ దాదాపు 43 మి.మీ. ఇవి నాలుగేసి ఎక్కడైనా సంపాదించి బొటనవేలు-చూపుడువేలు మధ్య ఒకటి, తర్వాత ఒక్కో సందులో ఒకటి పెట్టి చూడండి. వేళ్ళు వణక్కుండా ఒక అర నిమిషం పట్టుకోగలిగితే అదే మీ సైజు. వణికితే ఒక సైజు తగ్గండి, పరువు పోయేదేం లేదు, స్టేజ్ మీదనుంచి చూసేవాళ్ళకి 40కి 45కి తేడా తెలియదు.

చెక్కవా, ప్లాస్టిక్‌వా, సిలికోన్‌వా?

చెక్క బాల్స్ తేలిక, చేతిలో బాగుంటాయి, కానీ పెయింట్ పెచ్చులు ఊడుతుంది. ప్లాస్టిక్ చవక, మొదటి సెట్‌గా అదే చాలు, కాకపోతే కొత్తలో బాగా జారుతుంది, సన్నటి ఎమ్రీ పేపర్‌తో ఆ మెరుపు కొంచెం చంపితే పట్టు వస్తుంది. సిలికోన్ లాంటి మెత్తటి పూత ఉన్నవి చేతికి అతుక్కున్నట్టు ఉంటాయి, చప్పుడు రాదు, రేటెక్కువ, పైగా దుమ్మూ నూలుపోగులూ అంటుకుంటాయి కాబట్టి షోకి ముందు కడిగి ఆరబెట్టుకోవాలి. నా సలహా అయితే మొదటి ఏడాది ప్లాస్టిక్. ఖరీదైన బాల్‌తో మొదలుపెడితే ఆ పట్టు మీ చేతిదో బాల్‌దో మీకే అర్థం కాదు.

ఏ రంగు?

ఎరుపు, తెలుపు, పసుపు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ నల్ల కోటు ముందు పది వరసలు దాటితే కనబడవు.

సెట్ కొంటే అందులో ఏముండాలి, షాపులో ఏం చూసుకోవాలి?

నాలుగు బాల్స్ ట్రిక్ సెట్ అంటే మామూలుగా మూడు గట్టి బాల్స్, ఒక షెల్. షెల్ అంటే బాల్ మీద టోపీలా కూర్చునే సగం చిప్ప, ముందునుంచి చూస్తే నిండు బాల్‌లాగే ఉంటుంది. చూసుకోవాల్సినవి రెండే. మూడు బాల్స్‌లో ప్రతిదాన్నీ షెల్‌లో పెట్టి తలకిందులు చేయండి, బాల్ దానంతటది జారి పడాలి కానీ ఊపితే లొడలొడ అనకూడదు. రెండోది రంగు, ట్యూబ్‌లైట్ కింద కాకుండా బయట ఎండలోకి తెచ్చి షెల్‌నీ బాల్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆన్‌లైన్‌లో కొన్న చవక సెట్లలో షెల్ ఒక ఛాయ తేడాగా రావడం మామూలే, స్టేజ్ లైట్ల కింద ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అలాంటిది వెనక్కి పంపేయండి.

ఇలా షెల్ సంగతి బయట చెప్పేయడం తప్పు కాదా?

వందేళ్ళకి పైనుంచి మ్యాజిక్ పుస్తకాల్లో ఉన్న సంగతే ఇది. షెల్ ఉందని తెలిసినవాడు కూడా మంచి చేతిలో అది ఏ క్షణంలో ఏ బాలో చెప్పలేడు. నేర్చుకునేవాడికి చెప్పడం వేరు, ట్రిక్ చూస్తున్నవాడి పక్కన కూర్చుని చెవిలో చెప్పడం వేరు, రెండోది మాత్రం చేయకండి.

## మొదటి నెలలు: ఒక్క బాల్, రెండు చేతులు

ముందు ఏ మూవ్ నేర్చుకోవాలి?

షెల్‌ని డబ్బాలోనే ఉంచండి. ఒక్క బాల్ తీసుకుని దాన్ని వేళ్ళ కొసలతో పట్టుకోవడం, ఒక చేతినుంచి ఇంకో చేతికి నిజంగా మార్చడం, నిజంగా జేబులో పెట్టడం, నిజంగా పైకి ఎగరేసి పట్టుకోవడం, ఇవి చేయండి. ఇందులో ట్రిక్ ఏముంది అంటారేమో, రేపు దొంగగా మార్చినట్టు నటించేటప్పుడు మీ చెయ్యి కాపీ కొట్టాల్సింది దీన్నే. నిజంగా మార్చేటప్పుడు మీ చెయ్యి ఎంత స్పీడ్‌లో వెళ్తుందో, కళ్ళు ఎటు పోతాయో మీకే తెలియకపోతే అబద్ధం చెప్పేటప్పుడు ఏదో కొత్త ఊపు వచ్చేస్తుంది, జనం పట్టేది ఆ ఊపునే. తర్వాత పామ్, తర్వాత ఒక మాయం, ఒక ప్రత్యక్షం. ఆర్నెల్లకి ఇంతే వస్తే చాలా ఎక్కువ.

పామ్‌లో బాల్ నిలవట్లేదు, ఐదు సెకన్లకే జారిపోతోంది

చాలామంది బాల్‌ని అరచేతి మధ్య గుంటలోకి నొక్కి వేళ్ళతో గట్టిగా బిగిస్తారు, అక్కడే తప్పు. బాల్‌ని పట్టుకోవాల్సింది వేళ్ళు కాదు. బొటనవేలి మొదట్లో కండ ఒకటి ఉంటుంది చూడండి, దానికి ఎదురుగా చిటికెనవేలి కింద ఇంకో మెత్త ఉంటుంది, ఆ రెంటి మధ్య బాల్ ఇరుక్కోవాలి. మధ్యవేలు, ఉంగరపువేలు మడిచి బాల్‌ని అరచేతిలోకి తోయండి, బొటనవేలి మొదలు ఒక నూలువాసి లోపలికి తీసుకోండి, బాల్ అక్కడ ఆగిందనిపించగానే వేళ్ళు వదిలేయండి. కొత్తలో పడుతుంది. అరచెయ్యి నేలవైపు పెట్టి ప్రాక్టీస్ చేస్తే పట్టు ఎక్కడ చాలట్లేదో వెంటనే తెలుస్తుంది.

అందరి అరచెయ్యీ దీనికి సరిపోదు, అది కూడా నిజమే. కండ తక్కువున్న చేతులకి ఫింగర్ పామ్ మేలు, అంటే మడిచిన మధ్యవేలు, ఉంగరపువేలు మొదళ్ళలో బాల్ పడుకుని ఉంటుంది, చెయ్యి పక్కన వేలాడినప్పుడు వేళ్ళు ఎలాగూ కొంచెం మడిచే ఉంటాయి కాబట్టి సహజంగా కూడా ఉంటుంది.

బాల్ నిలుస్తోంది కానీ చెయ్యి పక్షవాతం వచ్చినట్టు కనబడుతోంది

ఇదే అసలు సమస్య, షెల్ కంటే, రెండు చేతుల్లో కలిపి ఎనిమిది బాల్స్ చూపించడం కంటే పెద్దది. ఖాళీ చేతుల్తో మీరు గదిలో నడుస్తూ, మాట్లాడుతూ, గ్లాసు తీసుకుంటూ ఉండగా ఫోన్‌లో వీడియో తీసుకోండి. అదే పని చేతిలో బాల్ దాచి మళ్ళీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మీకే కనబడుతుంది, బొటనవేలు చూపుడువేలికి అతుక్కుపోయి ఉంటుంది, మోచెయ్యి ఒంటికి అంటుకుపోతుంది, ఆ చెయ్యి మాట్లాడేటప్పుడు అసలు కదలదు. బాల్ దాచిన చేత్తోనే ఇంట్లో పనులు చేయడం అలవాటు చేసుకోండి, స్విచ్ వేయడం, తలుపు తీయడం, చొక్కా సర్దుకోవడం, బొటనవేలూ చూపుడువేలూ ఖాళీగానే ఉంటాయి కదా. అక్కడ బాల్ ఉందన్న సంగతి మీరు మర్చిపోయిన రోజునుంచే జనానికి కూడా అది కనబడదు.

చేతులకి చెమట పడుతోంది, ఏం రాయాలి?

పౌడర్ మాత్రం వద్దు, రాసిన కాసేపటికే బాల్ సబ్బులా జారుతుంది, నల్ల కోటు మీద తెల్ల మరకలు వేరే. మేలో విజయవాడలో షో అంటే చెమట పట్టకుండా ఎలాగూ ఉండదు, స్టేజ్ ఎక్కేముందు చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోండి, జేబులో చిన్న రుమాలు ఉంచుకోండి, రొటీన్‌లో బాల్‌ని తుడిచినట్టుగా ఒక చోట దాన్ని వాడేయొచ్చు కూడా. డిసెంబర్‌లో సమస్య రివర్స్, చెయ్యి పొడిబారి పట్టు పోతుంది, అప్పుడు ఒక్క చుక్క గ్లిజరిన్ రుద్దుకుని ఎక్కువైంది తుడిచేయండి.

వేళ్ళమీద బాల్ దొర్లించడం రావట్లేదు, మధ్యలో ఆగిపోతోంది

బొటనవేలు-చూపుడువేలు మధ్యనుంచి మొదలై ఒక్కో సందు దాటి చిటికెనవేలి దాకా వెళ్ళే రోల్ గురించే కదా. వేలు బాల్‌ని తోస్తోంది అనుకుంటే ఆగిపోతుంది. పక్కవేలు కొంచెం ముందుకొచ్చి బాల్ పైభాగాన్ని తాకాలి, పాతవేలు వదలాలి, ఏ క్షణంలోనైనా రెండు వేళ్ళు బాల్ మీద ఉండి తీరాలి. ఉంగరపువేలు దగ్గర అందరికీ ఆగుతుంది, ఆ వేలు విడిగా కదలడానికి ఇష్టపడదు, కాబట్టి మొత్తం రోల్ వందసార్లు చేసేకంటే మధ్యవేలు నుంచి ఉంగరపువేలికి మారే ఆ ఒక్క ముక్కే చేయండి. ఎడమచేత్తో కూడా నేర్చుకోండి, ఎవరూ చేయరు గానీ చేయండి.

వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, మామూలేనా?

అలసట మామూలే. కీలు దగ్గర పొడిచినట్టు నొప్పి వచ్చినా, మొద్దుబారినా ఆ రోజుకి ఆపేయండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. ఎక్కువమందికి బాల్ సైజు తగ్గిస్తే పోతుంది.

యూట్యూబ్ చాలా, గురువు కావాలా?

మూవ్ ఎలా ఉంటుందో వీడియో బాగా చూపిస్తుంది, మీరు ఎలా చేస్తున్నారో అది చూడదు. మన దగ్గర బాల్స్ మీద సాధన చేసినవాళ్ళు తక్కువ, షోలు చేసేవాళ్ళలో ఎక్కువమంది పెట్టెలూ సామాన్లూ ఉన్న ఐటమ్స్ చేస్తారు, అయినా సరే స్టేజ్ అనుభవం ఉన్న ఏ మెజీషియన్ అయినా మీ చెయ్యి ఎక్కడ అనుమానంగా ఉందో చెప్పగలరు, ఆయనకి బాల్స్ రాకపోయినా సరే. పద్ధతిగా నేర్చుకోవాలి, దూరమైనా పర్లేదు అంటే కేరళలో గోపీనాథ్ ముతుకాడ్ 1996లో తిరువనంతపురంలో పెట్టిన మ్యాజిక్ అకాడమీ లాంటివి ఉన్నాయి.

## షెల్ చేతిలోకి వచ్చాక

షెల్‌లోంచి బాల్ బయటికొచ్చేటప్పుడు టిక్ మని చప్పుడొస్తోంది

షెల్ కప్పిన బాల్‌ని బొటనవేలు, చూపుడువేలు పట్టుకుని ఉంటాయి, మధ్యవేలు కిందికి వంగి వెనకనుంచి గట్టి బాల్‌ని పట్టుకుని పైకి దొర్లించాలి. చప్పుడు వచ్చేది రెండు కారణాలకి. ఒకటి, మీరు షెల్‌ని అంచుల దగ్గర కాకుండా నడుముకి నొక్కి పట్టుకున్నారు, దాంతో బాల్ బిగుసుకుని ఒక్క ఉదుటున ఊడుతోంది. రెండు, తొందర. నెమ్మదిగా దొర్లిస్తే చప్పుడూ ఉండదు, చూడ్డానికీ అదే అందం, ఒక బాల్ రెండుగా చీలుతున్నట్టు కనబడుతుంది. స్పీడ్‌గా చేస్తే ఏదో జరిగింది అనుకుంటారు, స్లోగా చేస్తే నోరు తెరుస్తారు.

ఎడమ పక్క కూర్చున్నవాళ్ళకి షెల్ డొల్ల కనబడిపోతోంది

షెల్ తెరిచిన వైపు ఎప్పుడూ మీ ఛాతీకేసి ఉండాలి, అంతవరకూ అందరికీ తెలుసు. మర్చిపోయేది ఏంటంటే చెయ్యి పక్కకి చాచినకొద్దీ ఆ యాంగిల్ మారిపోతుంది, మణికట్టు తిరిగిందంటే డొల్ల ఒక పక్కవాళ్ళకి బహుమతి ఇచ్చినట్టే. హాల్లో ఈ చివర కుర్చీలో, ఆ చివర కుర్చీలో ఫోన్ పెట్టి రికార్డ్ చేయండి, స్టేజ్ మీద మీరు ఎంతవరకు తిరగొచ్చో అక్కడ తెలుస్తుంది. చెయ్యి ముఖం పక్కకి, భుజం ఎత్తులో ఉంచుకుంటే చాలావరకు సేఫ్.

షెల్‌లోకి కొత్త బాల్ ఎప్పుడు వేయాలి? అక్కడే దొరికిపోతున్నా

బాల్ బయటికొచ్చాక చూపుడువేలు-మధ్యవేలు సందులో ఒకటి ఉంటుంది, కింద షెల్ ఖాళీ. ఇప్పుడు ఎడమచెయ్యి దొంగ బాల్‌ని పామ్‌లో పెట్టుకుని వస్తుంది, వచ్చి ఏం చేస్తుంది? పైనున్న బాల్‌ని తీసి ఇంకో సందు పైకి జరుపుతుంది, అంటే మధ్యవేలు-ఉంగరపువేలు మధ్యకి. ఆ తీసే క్షణంలో షెల్ వెనక లోడ్ అయిపోతుంది. దొరికిపోతున్నారంటే ఎడమచెయ్యి వచ్చిన పని లోడ్ చేయడమే అన్నట్టు మీ కళ్ళు షెల్ మీద ఉన్నాయి. మీరు చూడాల్సింది జరుపుతున్న బాల్‌ని, ఇక్కడ సందు ఖాళీ చేస్తున్నా, తర్వాతదానికి చోటు కావాలి అన్న ధ్యాసతో జరపండి. ఎడమచెయ్యి రావడానికి ఒక కారణం ఉండాలి, ఊరికే వచ్చి షెల్‌ని తడిమి వెళ్ళే చెయ్యిని మూడో క్లాసు పిల్లాడు కూడా నమ్మడు.

బాల్స్ ఒంటిమీద ఎక్కడ పెట్టుకోవాలి? షేర్వాణీలో కుదురుతుందా?

కోటు అయితే లోపల ఎడమవైపు అంచు దగ్గర బాల్ హోల్డర్ పిన్ చేస్తారు, వేలితో తాకగానే బాల్ చేతిలో పడేలా. ఎత్తు ముఖ్యం, చెయ్యి సహజంగా వేలాడినప్పుడు వేళ్ళ కొసలు ఎక్కడికొస్తాయో అక్కడికి రావాలి, చెయ్యి పైకెత్తి వెతుక్కోవాల్సి వస్తే ఆ హోల్డర్ దండగ. తీసుకునే క్షణంలో ఒళ్ళు కొంచెం ఎడమకి తిరిగి, కుడి భుజం జనంవైపు, కుడిచెయ్యి పైన బాల్స్ చూపిస్తూ ఉండాలి. షేర్వాణీ, జోధ్‌పురి గుండీలు మూసి ఉంటాయి కాబట్టి కోటులాగా లోపలికి చెయ్యి పోదు, పక్క జేబుల వెనకవైపు కానీ కింది అంచు లోపల కానీ హోల్డర్ కుట్టించుకోవాలి. టైలర్‌కి ఎందుకో చెప్పకుండా కుట్టించుకోవడం అదొక మ్యాజిక్.

ఎనిమిది బాల్స్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

నాలుగు బాల్స్ రొటీన్‌ని కొత్తవాళ్ళ ముందు, ఎక్కడా ఆగకుండా, పట్టుబడకుండా చేయగలిగాక. రెండు చేతుల్లోనూ వేళ్ళనిండా బాల్స్ ఉంటే దాచిన బాల్ దొంగగా తీయడానికి చెయ్యి మిగలదు, కాబట్టి అక్కడ కష్టం వేళ్ళది కాదు, ప్లానింగ్‌ది. నిజం చెప్పాలంటే నాకు నాలుగే ఇష్టం, ఆ తర్వాతది చూసేవాళ్ళకి లెక్క పెరగడం తప్ప కొత్తగా ఏమీ జరగదు.

## మాయం చేయడం, రంగు మార్చడం

బాల్ మాయం చేశానంటే వెంటనే 'ఆ చేతిలో ఉంది' అంటున్నారు

ఎందుకంటే మీరే ఆ చెయ్యిని చూస్తున్నారు. ఇది ఊరికే చెప్పే మాట కాదు, గుస్టావ్ కున్, మైఖేల్ లాండ్ అనే పరిశోధకులు 2006లో సరిగ్గా ఈ బాల్ ట్రిక్ మీదే ఒక ప్రయోగం ప్రచురించారు. మెజీషియన్ బాల్‌ని రెండుసార్లు నిజంగా పైకి ఎగరేస్తాడు, మూడోసారి ఎగరేసినట్టు నటించి చేతిలోనే ఉంచుకుంటాడు. మూడోసారి కూడా కళ్ళు పైకి తిప్పితే చూసినవాళ్ళలో 68 శాతం మంది బాల్ పైకి వెళ్ళడం చూశామని చెప్పారు. కళ్ళు చేతిమీద ఉంచితే అది 32 శాతానికి పడిపోయింది. చెయ్యి చేసింది రెండుసార్లూ ఒకటే, మారింది చూపు ఒక్కటే. ఇంకో తమాషా ఏంటంటే చూసేవాళ్ళ కళ్ళని రికార్డ్ చేస్తే వాళ్ళు మధ్యలో మెజీషియన్ ముఖంకేసి చూస్తున్నారు, ఎటు చూడాలో ఆయన ముఖంనుంచే తెలుసుకుంటున్నారన్నమాట. కాబట్టి మాయం చేసేటప్పుడు బాల్ నిజంగా ఎక్కడికి వెళ్ళినట్టు చూపిస్తున్నారో అక్కడికి మీ కళ్ళూ ముక్కూ వెళ్ళాలి, మాయమైందని చూపించే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆగడం చాలామంది మింగేస్తారు.

రెండు చేతులూ ఖాళీ అని చూపిస్తారు కదా, బాల్ ఎక్కడ ఉంటుంది?

ఉండేది చేతుల్లోనే. బాల్ కుడి పామ్‌లో ఉంది, మీరు ఎడమకి తిరిగి ఉన్నారు, కుడి వేళ్ళతో ఎడమ అరచెయ్యిని చూపిస్తూ ఖాళీ అంటున్నారు. ఇప్పుడు ఒళ్ళు కుడికి తిరుగుతుంది, తిరిగేటప్పుడు రెండు అరచేతులూ ఛాతీ ముందు ఒకదాన్నొకటి దాటుతాయి, ఆ దాటడంలో బాల్ ఎడమ పామ్‌లోకి పోతుంది. ఇప్పుడు ఎడమ వేళ్ళు కుడి అరచెయ్యి ఖాళీ అని చూపిస్తాయి. చేతులు ఆగకూడదు, తగిలినట్టు కూడా ఉండకూడదు. ముందు నడుము తిరగాలి, చేతులు దాని వెనకే రావాలి, చేతులు ముందు కదిలితే దొరికిపోతారు. రెండోసారి చేయకండి, ఒకసారి చూపించింది ఖాళీయే, రెండోసారి చూపిస్తే ఏదో నిరూపించాలనుకుంటున్నాడని అనుమానం మొదలవుతుంది.

రంగు మార్చడం సాఫీగా రావట్లేదు

ఎడమచేతిలో ఎర్ర బాల్ కనబడుతూ ఉంటుంది, కుడి పామ్‌లో తెల్లది ఉంటుంది, కుడిచెయ్యి ఎర్రదాన్ని నిమిరినట్టు వచ్చి తెల్లదాన్ని వదిలి ఎర్రదాన్ని పామ్ చేసుకుని పోవాలి. మీరు రెండు చేతుల్నీ కదిలిస్తున్నారు. ఎడమచెయ్యి రాయిలా ఉండాలి, కదిలేది కుడి ఒక్కటే.

## ప్రాక్టీస్

అద్దం ముందు చేయాలా, వీడియో తీసుకోవాలా?

రెండూ, కానీ పని వేరు. అద్దం యాంగిల్ సరిచూసుకోవడానికి. రోజూ అద్దం ముందే చేస్తే ఒక పాడు అలవాటు వస్తుంది, దొంగ పని జరిగే క్షణంలో కళ్ళు ఆర్పేస్తారు, మీ తప్పు మీకు కనబడకుండా మీ కళ్ళే కాపాడతాయి. ఆ కళ్ళు ఆర్పడం స్టేజ్ మీదకి కూడా వచ్చేస్తుంది. అందుకే అసలు తీర్పు వీడియోది, అది కూడా తీసిన వెంటనే కాకుండా మర్నాడు చూడండి.

రోజుకి ఎంతసేపు చేయాలి?

ఆదివారం నాలుగు గంటల కంటే రోజూ అరగంట మేలు. అరగంటలో కూడా మొత్తం రొటీన్ మొదటినుంచి చివరిదాకా తిప్పడం ప్రాక్టీస్ కాదు, వచ్చినవే మళ్ళీ చేస్తూ రానిదాన్ని దాటేస్తుంటారు. రాని ముక్కని పట్టుకుని దాన్నే చేయండి.

బాల్ కిందపడి కింది ఫ్లోర్ వాళ్ళు గొడవకొస్తున్నారు

మంచం పక్కన నిలబడి, మంచం మీద దుప్పటి పరిచి చేయండి. పడ్డ బాల్ దొర్లిపోదు, సోఫా కింద వెతుక్కునే టైమ్ మిగులుతుంది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మీ పేరూ రాదు.

## రొటీన్, స్టేజ్

బాల్స్ యాక్ట్ ఎంతసేపు ఉండాలి?

ఒక్క బాల్స్ మీదే అయితే మూడు, నాలుగు నిమిషాలు. అంతకు మించితే ఆడియన్స్ ఫోన్లు తీస్తారు, మీ వీడియో తీయడానికి కాదు.

నేను మూవ్స్ అన్నీ కరెక్ట్‌గా చేస్తున్నా, అయినా జనం చప్పట్లు కొట్టట్లేదు

మూవ్స్ చూపిస్తున్నారు కాబట్టి. బాల్స్ ఎందుకొస్తున్నాయి, వచ్చినందుకు మీకేమనిపిస్తోంది అన్నది ఆడియన్స్‌కి తెలియట్లేదు. కార్డినీ అనే పాతతరం మెజీషియన్ యాక్ట్ చూడండి. వేల్స్‌లో పుట్టిన ఆయన అసలు పేరు రిచర్డ్ పిచ్‌ఫర్డ్, 1895లో పుట్టి 1973లో పోయారు, 1957లో అమెరికన్ టీవీలో చేసిన యాక్ట్ రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఒంటికంటి అద్దం పెట్టుకుని, రాత్రి పార్టీనుంచి కొంచెం తూలుతూ వచ్చిన పెద్దమనిషిలా ఉంటాడు. పేక ముక్కలు, సిగరెట్లు, బిలియర్డ్ బాల్స్ ఆయన వద్దన్నా చేతిలోకి వచ్చేస్తుంటాయి, ఆయన ఆశ్చర్యపోతుంటాడు, విసుక్కుంటాడు, సరేలే అని పక్కన పడేస్తాడు. నేను చేస్తున్నా చూడండి అన్న ముఖం ఎక్కడా ఉండదు. మీరు ఆయన్ని కాపీ కొట్టక్కర్లేదు, కానీ బాల్ వచ్చిన ప్రతిసారీ మీ ముఖం మీద ఒక మనిషి ఉన్నాడా లేదా అన్నది మాత్రం చూసుకోండి.

సౌండ్‌తో బాల్ గట్టిదని నమ్మించొచ్చా?

బాగా నమ్మించొచ్చు. నిజం బాల్‌ని బాల్‌తో కొడితే టక్ మంటుంది, షెల్‌ని కొడితే డొల్ల చప్పుడు. మైక్ దగ్గర నిజం బాల్స్ రెండు కొట్టి వినిపించండి, షెల్ చేతిలో ఉన్నప్పుడు కొట్టకండి.

పెళ్ళి రిసెప్షన్‌లో, ఫంక్షన్ హాల్లో చేయొచ్చా?

చేయొచ్చు కానీ వెళ్ళి చూడకుండా ఒప్పుకోకండి. ఈ యాక్ట్ పుట్టింది ముందువైపు మాత్రమే జనం కూర్చునే థియేటర్ కోసం. మన రిసెప్షన్ స్టేజ్‌కి మూడు వైపులా జనం, స్టేజ్ మెట్లమీద పిల్లలు, వీడియో అన్న సరిగ్గా మీరు బాల్ తీసే టైమ్‌కి మీ వెనక్కి వస్తాడు, వెనక ఎల్ఈడీ వాల్ వెలుగుతూ మీ చేతి సందుల్లోంచి కాంతి లీక్ చేస్తుంది, పైగా క్లోజప్ అదే వాల్ మీద పదడుగుల సైజులో పడుతుంది. మూడు అడగండి. మీ ఐటమ్ జరిగేంతసేపు వాల్ మీద నల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టమని, కెమెరా ముందువైపే ఉండాలని, స్టేజ్ పక్కలు ఖాళీ చేయించమని. కుదరదంటే బాల్స్ వదిలేసి తాడో రుమాలో ఇంకేదైనా చేయండి. రవీంద్రభారతి లాంటి ఆడిటోరియం, స్కూల్ యాన్యువల్ డే లాంటివి దీనికి చాలా మేలు.

స్టేజ్ మీద బాల్ జారి పడిపోతే?

దాని వెనక పరిగెత్తకండి. పడింది గట్టి బాల్ అయితే అది గట్టిదని జనానికి ఇప్పుడే రుజువైంది, చూసి నవ్వి, ఇంకోటి తీసి కంటిన్యూ అయిపోండి. షెల్ పడితే మాత్రం కాలితో వెనక్కి తోసి తర్వాతి ఐటమ్‌కి వెళ్ళిపోండి, ఆ రోజుకి బాల్స్ అయిపోయినట్టే.

పోటీలకి వెళ్ళాలంటే?

లోకల్ మ్యాజిక్ కన్వెన్షన్లలో పోటీలు ఉంటాయి, ముందు అక్కడ చేయండి. ప్రపంచ స్థాయిలో అయితే మూడేళ్ళకోసారి జరిగే ఫిజమ్ (FISM) మ్యాజిక్ పోటీలు ఉన్నాయి, 1948లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో మొదలయ్యాయి, వాటిలో మానిప్యులేషన్‌కి విడిగా ఒక విభాగమే ఉంది. స్టేజ్ యాక్ట్‌కి అక్కడ ఐదు నిమిషాలకి తక్కువ కాకుండా, పది దాటకుండా ఉండాలి. 2012లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో ఫిజమ్ గ్రాండ్ ప్రి (పెద్ద బహుమతి) కొట్టిన కొరియా కుర్రాడు యు హో-జిన్ చేసింది కార్డ్స్ అయినా బాల్స్ నేర్చుకునేవాళ్ళు ఆ యాక్ట్ చూడాలి, చేతులు ఎంత నెమ్మదిగా ఉన్నాయో గమనించండి.

షో అయ్యాక పిల్లలు వచ్చి 'అంకుల్ బాల్ చూపించండి' అంటే?

ఇచ్చేయండి, గట్టి బాల్ ఒకటి ఎప్పుడూ కుడి జేబులో సిద్ధంగా ఉంచుకోండి. షెల్ మాత్రం స్టేజ్ దిగేముందే పెట్టెలోకి వెళ్ళిపోవాలి, ఆ పెట్టెకి తాళం ఉండాలి. పిల్లలు ముందు అడిగేది బాల్, తర్వాత తెరిచేది పెట్టె.